కలకంఠి పునాది పాఠాలు

ఒక పెద్ద అడవిలో చిన్న గాలివాన వచ్చింది. వాన చిన్నదే కానీ కూలిన గూళ్లు చాలా. అందులో ఒకటి నేరుగా అధ్యక్షుడు అడవిదున్న నెత్తిన పడింది. అందుకని ఈసారి సభ ఆలస్యం కాలేదు.

"ఇళ్లు ఎందుకిలా కూలుతున్నాయి?" అని దున్న రంకె వేశాడు. కొమ్ముకి ఇంకా రెండు పుల్లలు వేలాడుతూనే ఉన్నాయి.

కార్యదర్శి తొండ తల ఊపాడు. ఎవరేమన్నా తల ఊపడమే అతని ఉద్యోగం.

"తనిఖీ లేక!" అన్నారు వెనకనుంచి ఎవరో.

"నేనూ అదే అనబోతున్నాను," అన్నాడు దున్న. "ఇకమీదట తనిఖీ కాని ఇంట్లో ఎవరూ గుడ్డు పెట్టడానికి వీల్లేదు. ఒక ఇన్‌స్పెక్టరును వేద్దాం. సొంతిల్లు ఉన్నవాళ్లు వద్దు. వాళ్లు తమ ఇల్లే గొప్పదంటారు. అసలు ఇల్లు కట్టాలన్న ఊహ కూడా ఎన్నడూ రానివాళ్లు కావాలి."

తొండ తల ఊపాడు. సభంతా తిరిగి కోయిల కలకంఠి వైపు చూసింది.

ఆవిడ పేరుకే కలకంఠి. గొంతు మొగుడిది. ఆవిడకున్నవి ఒంటినిండా చుక్కలూ బుర్రనిండా ఉపాయాలూ. ఆ వంశంలో ఇల్లు కట్టిన పాపాన ఎవరూ పోలేదు. కాకి బయటికెళ్లిన వేళ చూసి, దాని గూట్లో ఒక గుడ్డు పెట్టి చక్కా పోవడమే వాళ్ల కాపురం. మిగతాది కాకి చూసుకుంటుంది. కానీ ఈమధ్య కాకులకు తెలివి ఎక్కువైంది. వంతులు వేసుకుని గూళ్లు కాస్తున్నాయి. గుడ్డు పెట్టే రోజులు దగ్గరపడుతుంటే కలకంఠికి తిండి సయించడం లేదు.

ఇలాంటప్పుడు ఈ ఉద్యోగం. కాకులే ఎదురొచ్చి లోపలికి రమ్మని పిలిచే ఉద్యోగం!

"సభ మాట కాదనలేను," అంది కలకంఠి వినయంగా. "కానీ ఒక్క మనవి. తనిఖీ చేసేటప్పుడు ఇంటివాళ్లు ఎదురుగా ఉంటే నాకు మొహమాటం. కాసేపు దూరంగా వెళ్లాలి."

ఎంత నిజాయితీ అని సభ మెచ్చుకుంది.

మొగుడు పంచమయ్య మాత్రం దారిలో అడిగాడు. "ఏమే, ఇల్లంటే ఏమిటో నీకు తెలుసా?"

"తెలియకపోతే గుడ్డు రాదా?" అంది కలకంఠి.

అయితే ఒక మెలిక పడింది. ఉద్యోగంలో చేరేముందు శిక్షణ పొందాలన్నాడు దున్న. శిక్షణ ఇచ్చేది గిజిగాడు మాస్టారు.

మాస్టారు ఈతచెట్టుకు వేలాడే ఇళ్లు కడతాడు. కట్టిన ఇంటికి సంబంధాలు చూస్తాడు. వచ్చిన ప్రతి ఆడపక్షీ ఇల్లు చూసి, వంక పెట్టి వెళ్లిపోతుంది. "ఒకావిడ గుమ్మం ఇరుకంది. ఇంకొకావిడ ఇల్లు ఊగుతోందంది. వేలాడే ఇల్లు ఊగకపోతే పాడుతుందా? ఏం చెప్పను తల్లీ! తనిఖీలో నేను పడ్డన్ని అవస్థలు ఈ అడవిలో ఎవరూ పడలేదు. అందుకే నన్ను మాస్టారుగా వేశారు."

కలకంఠి ఓ కునుకు తీద్దామని సర్దుకుని కూచుంది.

"ఇల్లంటే గోడ కాదు, కప్పు కాదు," అని మొదలుపెట్టాడు మాస్టారు. "బరువు కిందికి దిగే దారి. గుడ్డు బరువు పీచు మీద పడుతుంది. పీచు బరువు పుల్లల మీద, పుల్లల బరువు కొమ్మ పంగ మీద, పంగ బరువు మాను మీద, మాను బరువు నేల మీద. ఈ దారి ఎక్కడ తెగినా గుడ్డు నేలకే వస్తుంది. మధ్యలో ఆగడం దానికి చేతకాదు."

కలకంఠికి ఒక కన్ను తెరుచుకుంది. ఇన్నేళ్లుగా కళ్లు మూసుకుని ఎక్కడెక్కడో పెట్టి వచ్చిన గుడ్లు గుర్తొచ్చాయి. రెండో కన్నూ తెరుచుకుంది.

"మాస్టారూ, పంగ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"ముక్కుతో కొట్టి చూడు. గట్టిదైతే టక్కుమంటుంది. పురుగు తొలిచినదైతే డొల్లగా పలుకుతుంది."

"మరి వాన?"

"నీళ్లు ఇల్లు కట్టినవాడి మాట వినవమ్మా, పల్లం మాట వింటాయి. అడుగున సందులు వదలకపోతే గూట్లోనే నిలుస్తాయి. చెమ్మ చేరుతుంది. గుడ్డు కుళ్లుతుంది. పైకి మాత్రం ఇల్లు లక్షణంగా కనిపిస్తుంది."

ఆ రోజునుంచి కలకంఠి వేరే పక్షి అయిపోయింది. పాఠానికి ముందే వచ్చి మాస్టారుని నిద్ర లేపేది. దారిలో కనబడ్డ కొమ్మనల్లా కొట్టి చూసేది. పంచమయ్య మంచి రాగం అందుకోబోతుంటే, "దిగండి, అది డొల్ల!" అని అరిచేది. ఆయన రాగం గొంతులోనే ఉండిపోయేది.

శిక్షణ ముగిసింది. తనిఖీలు మొదలయ్యాయి.

ముందు గువ్వ ఇల్లు. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. కిందనుంచి చూస్తే ఆకాశం కనిపిస్తోంది.

"ఇది ఇల్లా, ఇల్లు కట్టాలన్న ఉద్దేశమా?" అంది కలకంఠి.

"మా అత్తగారు ఇలాగే కట్టేవారండీ," అంది గువ్వ.

"మీ అత్తగారి గుడ్లు ఏమయ్యాయి?"

గువ్వ నేలవైపు చూసింది.

అసలు పని కాకుల పేటలో. గుడ్డు రోజు ఇంకా రాలేదు కానీ చోటు ముందే ఖాయం చేసుకోవాలి. మద్దిచెట్టు మీద కాటుకమ్మ అనే కాకి కొత్తగా గూడు కట్టింది. ఇనపతీగలూ చీపురుపుల్లలూ కలిపి దిట్టంగా అల్లింది. కాటుకమ్మను దూరంగా పంపించి కలకంఠి లోపల కూచుని చూసింది. మెత్తగా ఉంది. విశాలంగా ఉంది. వాళ్లమ్మ అయితే ఈపాటికి ఖాయం చేసేసి ఉండేది.

అలవాటుకొద్దీ వంగి పంగను కొట్టింది. డొల్లగా పలికింది.

నమ్మలేక ఇంకోసారి కొట్టింది, మళ్లీ డొల్లే. ఇంత పుచ్చుకొమ్మ మీద నా బిడ్డా?

కాటుకమ్మ తిరిగొచ్చి, "ఎలా ఉందండీ ఇన్‌స్పెక్టరమ్మగారూ?" అంది.

"పిల్లలు పుట్టే ఇల్లు కడుతూ పుచ్చుకొమ్మ దొరికిందా నీకు? తల్లివేనా నువ్వు?"

అంత కోపం ఎందుకొచ్చిందో కాటుకమ్మకు అర్థం కాలేదు.

పక్క గూట్లో నీళ్లు పోయే దారి లేదు. ఆ పక్కది ఈదురుగాలికి ఎదురుగా ఉంది. ఇంకొకదాంట్లో అన్నీ బాగానే ఉన్నాయి కానీ అడుగు బొత్తిగా లోతులేదు, పిల్ల ఒక్కసారి ఒత్తిగిలితే చాలు, కిందికే. కాకులపేట అంతా తిరిగినా గుడ్డు పెట్టదగ్గ ఇల్లు దొరకలేదు. కలకంఠి ఏడుపుమొహంతో ఇంటికి, అంటే ఏదో ఒక కొమ్మకు, వచ్చింది.

"ఎక్కడో ఒకచోట పెట్టేసి రావే," అన్నాడు పంచమయ్య. "మీ అమ్మ నిన్ను అలాగే కదా పెట్టింది?"

"మా అమ్మ చదువుకోలేదు!" అంది కలకంఠి.

ఇక ఒకటే దారి. మర్నాడు కాటుకమ్మ దగ్గరికెళ్లి, గూడు గట్టికొమ్మకు మార్పించింది. పక్కనే నిలబడి ప్రతి పుల్లా పెట్టించింది. "ఆ తీగ ఇటు తిప్పు. అడుగున సందు వదులు. గాలి పడమటినుంచి వస్తుంది, అటువైపు అంచు ఎత్తు చెయ్యి." ఇన్‌స్పెక్టరు స్వయంగా దగ్గరుండి కట్టించడం చూసి మిగతా కాకులు కుళ్లుకున్నాయి.

ఉత్సాహంలో పాఠమంతా చెప్పేసింది కూడా. "బరువు మీద ఎప్పుడూ కన్నుండాలి కాటుకమ్మా. గుడ్లు పెట్టాక కొమ్మ ఎంత వంగిందో చూసి గుర్తుపెట్టుకో. ఆ తర్వాత ఇంకా దిగిందంటే రెండే కారణాలు. పంగ సడలి ఉండాలి, లేదా బరువు పెరిగి ఉండాలి."

కాటుకమ్మ మెడ పక్కకు వంచి, ఒంటికన్నుతో చూస్తూ అంతా విన్నది. విన్నది మరిచిపోయే రకం కాదామె.

కాటుకమ్మ మూడు గుడ్లు పెట్టింది. కలకంఠి ఆఖరి తనిఖీకని వచ్చి, ఆమెను కాసేపు అలా తిరిగిరమ్మంది. పంగను కొట్టింది. టక్కుమంది. ఆవిడ కళ్లు చెమర్చాయి. గుడ్డు పెట్టి ఎగిరిపోయింది. జన్మలో మొదటిసారి గుండె తేలిగ్గా ఉంది.

తెల్లారేసరికి సభ నుంచి కబురు. దున్న, తొండ, సగం అడవి మద్దిచెట్టు కింద చేరి ఉన్నారు.

"ఇన్‌స్పెక్టరమ్మగారూ, మీరు చెప్పినట్టే చూశాను," అంది కాటుకమ్మ చాలా మర్యాదగా. "కొమ్మ దిగింది. పంగ కొట్టి చూశాను, గట్టిగానే ఉంది. అంటే బరువు పెరిగింది. గూట్లో నాలుగు గుడ్లున్నాయి. ఏది నాదో ఏది కాదో పోల్చుకోలేకపోతున్నాను. మీరే తేల్చాలి."

"తనిఖీ అయిన ఇంట్లో దొంగబరువా!" దున్న కాలితో నేల తవ్వాడు. "ఇన్‌స్పెక్టరు పైకెక్కి, ఎక్కువైన గుడ్డేదో చూసి, అందరి ఎదుటా కిందికి తోసెయ్యాలి."

తొండ తల ఊపాడు.

కలకంఠి గూటి అంచున వాలింది. నాలుగు గుడ్లూ ఒద్దికగా ఒదిగి ఉన్నాయి. తనది ఆవిడకు తెలుసు. పెట్టిన గుడ్డును రెండోసారి చూడటం ఆవిడకు ఇదే మొదలు. పక్కదాన్ని తోస్తే అడిగేవాడు లేడు. తల తిప్పింది. కాటుకమ్మ పక్కకొమ్మ మీద రెక్కలు బిగించుకుని నిలబడి ఉంది. ఆమె చూపు గుడ్ల మీంచి కదలడం లేదు.

కింద నేల చాలా దూరంలో ఉంది. మధ్యలో ఆగడానికి ఏమీ లేదు.

"ఏదీ తోయక్కర్లేదు!" అంది కలకంఠి. "ఈ ఇల్లు నాలుగు గుడ్లు మోస్తుంది. దగ్గరుండి కట్టించినదాన్ని, నాకు తెలియదా?"

"మోయకపోతే?" అంది కాటుకమ్మ.

"మోస్తుందంటున్నానుగా!"

"అంత నమ్మకం ఉంటే పిల్లలు లేచేదాకా మీరే ఇక్కడుండి చూసుకోండి. గాలొచ్చినా వానొచ్చినా ఏం చెయ్యాలో మీకే కదా తెలుస్తుంది. చదువుకున్నవారు."

సభ చప్పట్లు కొట్టింది. బాధ్యత అంటే ఇదీ అన్నాడు దున్న.

ఆ విధంగా కలకంఠి గూట్లో కూచుంది. మొదట్లో అంచున కూచునేది. "ఎండ పడుతోందండీ, కాస్త రెక్క చాపండి," అంది కాటుకమ్మ. ఆ తర్వాత, "చల్లబడుతున్నాయండీ, కాస్త లోపలికి జరగండి," అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. పొద్దున్నే చుట్టాలిళ్లకు బయల్దేరి, చీకటి పడుతుంటే వచ్చేది. మిగతా కాకులు కూడా వరసకట్టి, తమ ఇళ్లకూ అమ్మగారు ఓసారి వచ్చి గుడ్ల మీద కూచోవాలని బతిమాలుతున్నాయి.

పంచమయ్య పెళ్లాన్ని వెతుక్కుంటూ వచ్చి పక్కకొమ్మ మీద వాలాడు. "ఏమే, ఏం చేస్తున్నావు?"

"కదలకండి," అంది కలకంఠి నాలుగు గుడ్ల మీదా రెక్కలు సర్దుకుంటూ. "బరువు ఎటు పోతోందో చూస్తున్నాను."

నీతి: పరాయి ఇంట్లో పిల్లల్ని పెంచుకోదలచినవారు, ఇల్లు ఎలా కడతారో పొరపాటున కూడా నేర్చుకోకూడదు.