అర్థమైతే ఆహారం

ఇంతకుముందు నేనేదీ రాసి ఎరగను. అందుకని అందరూ మొదలుపెట్టే చోటే నేనూ మొదలుపెడతాను. ఒక పెద్ద అడవిలో ఒక సింహం ఉండేది. దానికి ఆకలి ఎంత ఉందో గొప్పా అంతే ఉంది.

"పక్క అడవిని ఏలే పులి దగ్గర శాస్త్రవేత్తలున్నారట. వాళ్ళని తినదట, పైగా ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతుందట" అని ఎవరో దాని చెవిన వేశారు. సింహానికి రోషం వచ్చింది. ఇకనుంచి మన అడవిలో కూడా శాస్త్రవేత్తని ఎవరూ తినకూడదని చాటింపు వేయించింది.

మధ్యాహ్నానికల్లా అడవంతా శాస్త్రవేత్తలే. కుందేలు పరుగు మీద పరిశోధన చేస్తున్నానంది. నెమలి మబ్బుల మీదంది. చేప కూడా నీళ్ళలోంచి తల పైకెత్తి, తడి గురించి తనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదంది.

సాయంత్రానికి సింహానికి తినడానికి ఎవరూ మిగల్లేదు.

"ఇప్పుడేం చేద్దామయ్యా?" అని సింహం తన మంత్రి నక్కని అడిగింది.

"మాట వెనక్కి తీసుకోకండి మహారాజా, పులి ముందు పరువు పోతుంది. ఎవరు శాస్త్రవేత్తో తేల్చడానికి కమిటీ వేద్దాం."

కమిటీలో నక్క, రాబందు, దుమ్ములగొండి కూర్చున్నారు. ముగ్గురూ సింహం తినగా మిగిలింది తిని బతికేవాళ్ళే. అందువల్ల పక్షపాతానికి తావు లేదని నక్క అందరికీ వివరించింది.

రూలు కూడా నక్కే పెట్టింది. శాస్త్రవేత్త మాట మామూలువాళ్ళకి అర్థం కాదు. కాబట్టి ఎవరి మాట అర్థమైతే వాళ్ళు శాస్త్రవేత్తలు కారు.

"మన అడవిలో అర్థం కాకుండా మాట్లాడ్డం ఎవరికొచ్చు మహారాజా?" అని చెవిలో చెప్పింది. "రోజుకొకరు మీ విస్తట్లో ఉంటారు."

కమిటీ ముందు కట్టిన వరసలో వరహాలమ్మ అనే అడవిపంది కూడా నిలబడింది. చంటిపిల్లల తల్లి, బాగా ఒళ్ళు చేసిన మనిషి. వరస కదిలినప్పుడల్లా కమిటీవాళ్ళు తన పొట్ట వైపు చూడటం ఆవిడ గమనిస్తూనే ఉంది.

ముందు నిలబడ్డది జింక బంగారి.

"ఏం చెప్తావే బంగారీ?"

"ఉన్నదే చెప్తానొదినా. లేత గడ్డి ఎక్కడ మొలవబోతుందో మట్టి వాసన చూసి చెప్పగలను. అది చాలదా?"

బంగారి వెళ్ళి చెప్పింది. చాలా బాగా చెప్పింది. రాబందు తలూపుతూ విన్నది. "అబ్బ, ఇన్నాళ్ళూ నాకీ సంగతే తెలీదు" అంది దుమ్ములగొండి.

"అంతా అర్థమైందా?" అంది నక్క.

"శుభ్రంగా అర్థమైంది."

"అయితే శాస్త్రవేత్త కాదు. ఇలా పక్కకి రామ్మా."

బంగారి పక్కకి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

తర్వాత కొండముచ్చు సన్యాసయ్య కొమ్మ మీంచి తోక వేలాడేసి గొంతు సవరించుకున్నాడు. "ఫలపరిపక్వతకును పతనక్రియకును గల పారస్పరిక సాపేక్షతను ద్వికోణీయముగా పరిశీలించిన యెడల..." అంటూ పోయాడు. రాబందుకి నిద్ర పట్టేసింది.

"ఏమన్నాడు?" అని అడిగింది దుమ్ములగొండి.

"ఏమో" అని నక్క పళ్ళు కొరికింది. "అయితే వీడు శాస్త్రవేత్తే. దిగిపో."

వరహాలమ్మ వరసలోంచి తప్పుకుంది. "పిల్లలు పాలకేడుస్తున్నారు బాబూ, ఇప్పుడే వచ్చేస్తా" అని నేరుగా సన్యాసయ్య చెట్టు కిందకి పోయింది.

"అన్నయ్యా, ఇందాక నువ్వు చెప్పిందేంటి?"

"పండితే పండు రాలుతుందని."

"అంతేనా?"

"అంతే. అంతేనని వాళ్ళకి తెలిస్తే ఈపాటికి నా తోక కూడా మిగిలేది కాదు."

"నాక్కూడా నేర్పు. పిల్లల తల్లిని."

"దుంపలేమైనా తెచ్చావా?" అన్నాడు సన్యాసయ్య. తెచ్చిందని చూశాక కిందకి దిగాడు. "సరే, నువ్వేం చేస్తుంటావు?"

"ముట్టెతో నేల తవ్వి దుంపలు తింటాను."

"అలా చెప్తే నిన్నే తింటారు. 'భూగర్భస్థ పోషక నిక్షేపముల నాసికాధారిత అన్వేషణ' అను."

వరహాలమ్మకి నోరు తిరగలేదు. నిక్షేపముల దగ్గర రెండు కోరలూ అడ్డమొచ్చాయి. అయినా పిల్లల్ని తలుచుకుని, పొద్దుగూకేలోపు పట్టుకుంది. కమిటీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. బతికిపోయింది.

సంగతి పాకింది. సన్యాసయ్య చెట్టు కింద ట్యూషన్లు మొదలయ్యాయి. కొన్నాళ్ళకి అడవిలో ఎవరు ఏం మాట్లాడినా పక్కవాడికి అర్థం కాకుండా పోయింది. సింహం మళ్ళీ పస్తు పడుకుంది.

ఆ పస్తు మీద దానికి గోమార్లు పట్టాయి. జూలు నిండా చేరి రక్తం తాగుతుంటే, దురదకి ఒళ్ళంతా రక్కుకుంది. బురదలో పొర్లి ఎండలో ఆరితే గోమార్లు రాలిపోతాయని అడవిలో దున్నలకీ పందులకీ అందరికీ తెలుసు. సింహం బురదలో దిగే రకం కాదు, దానికి తెలీదు.

అందర్నీ పిలిపించింది. "ఇంతమంది శాస్త్రవేత్తలున్నారు కదా. నా దురదకి మందు చెప్పండి."

ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పారు. ఎవరు చెప్పిందీ దానికి బుర్రకెక్కలేదు.

వరహాలమ్మ వంతు వచ్చింది. నెత్తురోడుతున్న ఆ మెడ చూస్తే ఆవిడకి జాలేసింది. 'బురదలో పొర్లు బాబూ' అనే మాట పళ్ళ దాకా వచ్చింది. అంతలో నక్క ఆవిడ పొట్ట వైపు చూసి గుటక వేసింది.

"పంకిల మాధ్యమమున సర్వాంగ పరిభ్రమణాత్మక లేపన విధానము..." అంది వరహాలమ్మ.

"ఏమంటోందయ్యా ఈవిడ?" అని సింహం నక్క మీద విరుచుకుపడింది.

"మహారాజా, నాకొక్క ముక్క అర్థం కాలేదు."

సింహం గోక్కోవడం ఆపేసింది. "ఏమన్నావు?"

"నాకొక్క ముక్క అర్థం కాలేదన్నాను."

"నాకు అర్థమైంది" అంది సింహం నెమ్మదిగా. "ఈ మధ్య నాకు పూర్తిగా అర్థమైన మాట ఇదొక్కటే."

నక్క కమిటీ వైపు తిరిగింది. రాబందూ దుమ్ములగొండీ అప్పటికే చోటిచ్చి, మిగిలేదాని కోసం బుద్ధిగా కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని బురదగుంటకి పోయింది. సింహం అప్పటికే గట్టు మీద, వీపు రాయికేసి రుద్దుకుంటోంది. నిన్న తిన్న నక్క ఎంతసేపని ఆగుతుంది, సింహం పొట్ట మళ్ళీ లోపలికి పోయి ఉంది.

"ఏమ్మా, ఇందులో పొర్లితే ఏమవుతుంది?" అని మర్యాదగానే అడిగింది.

ఆఖరి పిల్ల "గోమార్లు" అని నోరు తెరవబోయింది. వరహాలమ్మ దాన్ని ముట్టెతో బురదలోకి నొక్కేసింది. తర్వాత గొంతు సవరించుకుని, పంకిల మాధ్యమం దగ్గర మొదలుపెట్టి, ఒళ్ళంతా బురద పట్టేదాకా పొర్లుతూ వివరంగా చెప్పింది. సింహం గోక్కుంటూ, శ్రద్ధగా తలూపింది.

నీతి: తెలిసిన సంగతి అర్థమయ్యేలా చెప్పేముందు, వినేవాడు భోంచేశాడో లేదో కనుక్కోవాలి.