సముద్రం మీద పోయినవాడు

భార్య వేసిన సముద్రం బొమ్మలకు ఆ ఉదయమే ప్రదర్శన. కళ్లజోళ్లాయన తన కళ్లద్దాల దుకాణం తెరవలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హాల్లో పెళ్లిపెద్దలా తిరుగుతున్నాడు. ఆ బొమ్మల్లో ఓడలుండవు, చేపలుండవు. నీలం మీద నలుపు, నలుపు మీద తెలుపు. ఆయనకు ముక్క అర్థం కాదు. అయినా గర్వపడటానికి అర్థంతో పనేముంది?

పత్రికలో కళల గురించి రాసే విమర్శకురాలు అన్నిటికంటే పెద్ద బొమ్మ ముందు ఆగిపోయింది.

"దీని వెనక ఏదో కథ ఉందండీ."

"ఉండకేం! మా బావమరిది సముద్రం మీద పోయాడు కదండీ, ఆ వారమే వేసింది," అన్నాడాయన ఛాతీ విరుచుకుని. బావమరిదికి సరుకుల ఓడలో ఇంజినీరు ఉద్యోగం. ఆ ముక్క మాత్రం చెప్పలేదు.

"అయ్యో! ఎంత వయసండీ?"

"పాతికేళ్లు. మేమంతా ఎంత ఆపినా ఆగలేదు."

"ఆపితే ఆగేదా అది!" అంటూ ఆవిడ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. తన భార్య బొమ్మకు అంతటి మనిషి కన్నీళ్లు పెట్టుకుందని ఆయన పొంగిపోయాడు.

ఆవిడ వెళ్లి హాలు మేనేజరు చెవిన వేసింది. మేనేజరు మైకు అందుకున్నాడు.

"అకాలంగా మనల్ని విడిచిపోయిన ఒక యువకుడి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

హాలు వాళ్ల మనిషెవరో పోయినట్టున్నాడు అనుకుని కళ్లజోళ్లాయన కూడా తల వంచాడు.

సరిగ్గా అప్పుడే, సెలవు మీద ఓడ దిగిన బావమరిది లోపలికి వచ్చాడు. అందరి తలలూ వంగి ఉండటం చూసి, పూలగుత్తి చంకలో పెట్టుకుని తనూ వంచాడు. పక్కనే విమర్శకురాలు వెక్కుతుంటే అతనికీ ఏడుపు వచ్చేసింది.

మౌనం ముగిసింది. "మీకు బాగా కావలసినవాడా?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

"లేదండీ, ఎవరో కూడా తెలీదు. పాపం, మంచోడిలా ఉన్నాడు."

ఇంతలో లోపలి గదిలోంచి చిత్రకారిణి వచ్చింది. "తమ్ముడూ! ఎప్పుడు దిగావురా?"

హాలంతా అటు తిరిగింది. సంగతి బయటపడటానికి ఎంతోసేపు పట్టలేదు. కళ్లజోళ్లాయన గోడకు అతుక్కుపోయాడు. విమర్శకురాలి ముఖం ఎర్రబడింది.

"అయితే ఈ బొమ్మలో ఉన్న దుఃఖం అబద్ధమా?"

చిత్రకారిణి బొమ్మకేసి చూసింది. "వీడెక్కిన ఓడ చుక్కంత అయిపోయేదాకా ఒడ్డునే నిలబడ్డానండీ. ఇంటికొచ్చి ఇది వేశాను. ఏడవాలంటే మనిషి చచ్చే తీరాలా?"

ఈసారి మైకులో ఎవరూ చెప్పకుండానే హాలు నిశ్శబ్దమైంది. విమర్శకురాలు మళ్లీ కళ్లద్దాలు తీసింది. "నాకెప్పుడూ చెప్పలేదేంటక్కా!" అన్నాడు తమ్ముడు. ఆ నలుపు నడుమ తెల్లటి చుక్క కళ్లజోళ్లాయనకు మొట్టమొదటిసారి కనబడింది. చప్పట్లు ముందు ఆయనే మొదలుపెట్టాడు.

"మీరు గుమ్మం దగ్గరే ఉండండి. బొమ్మల గురించి ఒక్క మాటన్నా ఊరుకోను," అంది భార్య.

ఆయన ఒక్క మాటా అనలేదు. సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరికీ బావమరిదిని చూపించి, "బతికే ఉన్నాడండీ" అని చెప్పి మరీ లోపలికి పంపాడు.