ఒక ఎకో, రెండు యాంపులు, ఫెబా పెళ్ళి

మీ ఇంట్లో గిటార్లు వాయించేవాళ్ళు అద్దెకి దిగారా? దయచేసి ఖాళీ చేయించకండి. ఇంకాస్త సామాను కొనుక్కోమని ప్రోత్సహించండి. సామాను పెరిగేకొద్దీ సంగీతం తగ్గుతుంది. బ్రాడీపేటలో మేడమీద కూర్చుని నేను స్వయంగా కనిపెట్టిన సత్యమిది.

మా కింది వాటాలో సాల్మన్, సంజీవరావు అని ఇద్దరు స్నేహితులున్నారు. పగలు స్కూలు మాస్టర్లు. సాయంత్రమైతే చర్చి పాటలు సాధన చేసేవారు. చెరొక గిటారు, చెరొక యాంప్. యాంప్ అంటే గిటారు చప్పుడుని పెంచి నా అన్నం కంచం దాకా మోసుకొచ్చే పెట్టె. టీవీలో వార్తలు చదివే అమ్మాయి పెదవులు చూసి ప్రభుత్వం ఉందో పడిపోయిందో ఊహించుకునేవాణ్ణి.

రెండువేల మూడులో దేవుడు నామీద దయ తలిచాడు. సాల్మన్ మద్రాసు నుంచి ఎఫెక్ట్స్ పెట్టె తెచ్చాడు. అందులో ఎకో ఉంటుంది. ఒక్కసారి మీటితే కొండల మధ్య మీటినట్టు మళ్ళీ మళ్ళీ మోగుతుంది. పెట్టె ఒకటి, యాంపులు రెండు. ఎకో ఇద్దరికీ కావాలి. మీరూ నేనూ అయితే పెట్టెని గోడకేసి కొట్టి విడిపోయేవాళ్ళం. వాళ్ళు చదువుకున్నవాళ్ళు. మిడి స్విచ్చింగ్ అనే ఏర్పాటు చేసుకున్నారు. నేలమీద ఒక పెడల్ ఉంటుంది. కాలితో నొక్కితే వైరు గుండా కబురు వెళ్ళి, ఎకో ఈ యాంప్ నుంచి ఆ యాంప్‌కి మారుతుంది. అంటే, మారాలి. గిటార్లు రెండూ ఆ పెట్టె గుండానే మోగాలి గనక, కబురు అందకపోతే రెండూ మూగే.

ఎంత గొప్ప ఆలోచనో చూడండి! సాగర్ కాలువ మీద ఎగువ రైతుకీ దిగువ రైతుకీ మధ్య ఇలాంటి పెడల్ ఒకటి బిగిస్తే పల్నాడు కోర్టుల్లో సగం కేసులుండవు. మా వీధి కుళాయికి బిగిస్తే బిందెలు సొట్టలు పోవు.

ఆనాటినుంచి మా ఇంట్లో ప్రశాంతతే. కిందనుంచి వినిపించేది ఇంతే.

"నీకొచ్చిందా?"

"రాలేదు. నీకు?"

"నాకూ రాలా. మరి ఎటు పోయినట్టు?"

నేను వార్తలు ఆసాంతం విని హాయిగా పడుకునేవాణ్ణి.

ఇంతలో సాల్మన్ అన్న కూతురు ఫెబాకి పెళ్ళి కుదిరింది. చిలకలూరిపేట చర్చిలో పెళ్ళి. పసితనంలో ఆ పిల్లని నిద్రపుచ్చింది బాబాయి గిటారేనట. తను లోపలికి నడిచొచ్చేటప్పుడు బాబాయే వాయించాలని ముందే మాట తీసుకుంది. నన్నూ పిలిచారు, వెళ్ళాను.

పెళ్ళికూతురు గుమ్మంలోకి వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. సాల్మన్ తీగ మీటాడు. చప్పుడు లేదు. సంజీవరావు మీటాడు. అదీ లేదు. ఇద్దరూ వైర్లలోకి వంగారు. ఫెబా పూలగుత్తి పట్టుకుని కాసేపు ఓర్చుకుంది.

"బాబాయ్, పెళ్ళి నాకా, ఆ పెట్టెకా?"

"ఒక్క నిమిషం తల్లీ. దానికింకా కబురు అందలేదు."

"నాకు చేతులు లాగుతున్నాయి."

వాళ్ళమ్మ జయకుమారి ఇక ఆగలేక తనే పాట ఎత్తుకుంది. జనం అందుకున్నారు. పిల్ల నడిచొచ్చింది గానీ బాబాయి వైపు చూడలేదు. సాల్మన్ మొహం వాడిపోయింది.

కాసేపటికి చర్చి మైకు గొంతు కూడా పోయింది. సంజీవరావు తన యాంప్‌ని ఎఫెక్ట్స్ వైర్లతో సహా పాస్టరుగారి మైకుకి ఇచ్చేశాడు. సాల్మన్ మాత్రం, తర్వాతి పాటతోనైనా పరువు దక్కించుకుందామని, ఎకో తన యాంప్‌కి రావాలని పెడల్ నొక్కాడు. అది పాస్టరుగారికి వెళ్ళింది.

"ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా... ఉందా... ఉందా... ఉందా..."

పాస్టరుగారే ఉలిక్కిపడి వెనక్కి చూశారు. మగపెళ్ళివారి వైపునుంచి యలమందయ్య మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆయన సత్తెనపల్లి మిరప రైతు, పెళ్ళికొడుకు తండ్రికి స్నేహితుడు, చర్చిలో అడుగుపెట్టడం అదే మొదలు. పెళ్ళికొడుక్కి కోటు లోపల చెమటలు పట్టాయి.

"ఏమిటండీ మీ అభ్యంతరం... తరం... తరం..."

"నాకేం లేదండి. పిల్ల బంగారం. తమరు అన్నిసార్లు అడుగుతున్నారు గదా, ఒక్కరన్నా లేవకపోతే తమకి చిన్నతనంగా ఉంటదని లేచాను."

ముసుగులోనుంచి ముందు ఫెబా నవ్వింది. తర్వాత అందరూ. సంజీవరావు వైరు పీకేశాడు. మిగతా పెళ్ళి పాస్టరుగారి సొంత గొంతుతో జరిగింది.

భోజనాల దగ్గర సాల్మన్ తినకుండా ఓ మూల కూర్చున్నాడు. ఫెబా పెళ్ళిచీరతోనే వచ్చి పక్క కుర్చీ లాక్కుంది.

"వైర్లు లేకపోతే ఇది మోగదా బాబాయ్?"

"మోగుద్దమ్మా. కాకపోతే గట్టిగా వినపడదు."

"నేను దగ్గరగానే కూర్చున్నా గదా."

సాల్మన్ గిటారు ఒళ్ళోకి తీసుకుని చిన్నప్పటి జోలపాట వాయించాడు. ఆ బల్ల దాటి వినపడలేదు. ఆ బల్ల దగ్గర మాత్రం బిర్యానీ వడ్డించే మనిషి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అదే బల్ల దగ్గరున్న నా కంచంలో అన్నం చల్లారిపోయింది. ఫెబా ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు తిను" అంది.

తర్వాతి వారం కింద ఇద్దరూ పెట్టె విప్పి కూర్చున్నారు. మేడమీద ఎంత ప్రశాంతతో! వార్తలన్నీ స్పష్టంగా వినపడ్డాయి. ఒక్కటీ వినబుద్ధి కాలేదు. చివరికి కిందికి దిగాను.

"అది బాగయ్యేదాకా ఊరికే ఏదన్నా వాయించకూడదా?" అన్నాను.

మంచిచెడ్డలు తెలియనివాణ్ణి చూసినట్టు సాల్మన్ నావైపు జాలిగా చూశాడు.

"ఎఫెక్ట్ లేకుండా వాయిస్తే ఎవరు వింటారండీ?"

ఎవరు వింటారో చెప్పబోయాను. అప్పటికే అతను స్క్రూడ్రైవర్ నోట్లో కరుచుకుని బల్ల కిందికి దూరాడు.