తరవాణికి సన్మానం

తినే వస్తువుల పేర్లన్నిటికీ గౌరవప్రదమైన పుట్టుక ఉండి తీరాలని, రెండువేల మూడో సంవత్సరంలో చింతల్లంక పదపరిరక్షణ సంఘం తీర్మానించింది. దిబ్బరొట్టె అసలు పేరు ‘దివ్యరొట్టె’ అని అప్పటికే చేతులెత్తి ఆమోదించారు. పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టిక్కల పుట్టుక కోరం లేక వాయిదా పడింది. ఇక తరవాణి వంతు వచ్చింది.

చిక్కల్లా, ఊరి పెద్దమనుషుల్లో తరవాణి తాగేది ఒక్క అప్పాజీగారే. అన్నం వార్చిన గంజీ, బియ్యం కడుగూ కుండలో పోసి, ఉప్పూ నిమ్మాకులూ వేసి పులియబెట్టిన నీళ్ళే తరవాణి. అందులో రాత్రి మిగిలిన అన్నం కలుపుకుని, మాగాయ ముక్క నంజుకుంటేగాని ఆయనకి తెల్లవారినట్టుండదు. కుండ కడిగినప్పుడల్లా చెంబెడు పాత పులుపు తీసి ఉంచి, మళ్ళీ అదే తోడుగా పోయడం ఆయన భార్య కాపురానికొచ్చిన నాటి పద్ధతి. ఆవిడ పోయాక ఆ చెంబు ఆయనే పట్టారు. అంటే ఆ పులుపు కోడలు సుప్రియకన్నా వయసులో పెద్దది. ఆ గౌరవంతోనే కాబోలు, సుప్రియ ఆ కుండని ఎవరి కంటా పడకుండా పెరట్లో బీరపాదు చాటున పెట్టించింది.

సంఘం అధ్యక్షుడు గణేష్‌బాబు స్వయంగా వచ్చాడు.

“బాబాయిగారండీ, మీ కుండ ఒక్కపూట ఇప్పించాలండి. స్టేజీ మీద పెడతామండి.”

“కుండెందుకురా? చెంబుతో పట్టుకెళ్ళు.”

“చెంబుకి దండెలా వేస్తామండి?”

అప్పాజీగారు బీరపాదు పక్కకి తప్పించి కుండ చూపించారు. “జాగ్రత్తరా. లోపల పాత పులుపుంది.”

“ఆ మాత్రం తెలీదేంటండి. సాయంత్రానికి తెచ్చేస్తాం కదండి.”

సంస్కృతికి పులిసిన వాసన ఉండరాదని కార్యవర్గం అభిప్రాయపడింది. కనుక లోపలున్నది కొబ్బరిచెట్టు మొదట్లో పారబోశారు. కుండని సబ్బుపొడితో తోమించి, లోపలా బయటా ఎర్ర రంగు వేయించి, తెల్లచుక్కలు పెట్టించారు.

సభకి రాజమహేంద్రవరం నుంచి పదశాస్త్రవేత్త వీరబ్రహ్మంగారు వేంచేశారు. “తరింపజేసే వాణి గనుక తరవాణి,” అని ఆయన నిరూపించారు. “దీన్ని నోటితో తాగే పదార్థమనుకోవడం మన దురదృష్టం. ఇది చెవితో తాగవలసినది.” జనం చెవులారా తాగి చప్పట్లు కొట్టారు. అనంతరం అందరికీ కూల్‌డ్రింకులు పంచారు. అప్పాజీగారికి శాలువా కప్పి ‘తరవాణి రత్న’ బిరుదిచ్చారు. ఆయన శాలువా సంగతి వదిలేసి, వంగి కుండలో ముక్కు పెట్టారు. రంగు వాసన.

“పులుపేదిరా?”

“క్లీన్ చేయించామండి బాబాయిగారూ. జనం ముక్కు మూసుకుని సన్మానిస్తే మీకే నామర్దా కదండి.”

కుండ పంచాయతీ ఆఫీసులో అద్దాల బీరువాలోకి వెళ్ళింది. అప్పాజీగారు అడగబోతే, అది ఇప్పుడు ఆయన కుండ కాదనీ, జాతి సొత్తనీ బోధపరిచారు. సుప్రియకి కూడా మావగారంటే కొత్తగా భక్తి పుట్టి, శాలువా ఫొటో హాల్లో తగిలించింది.

“ఇంకో కుండ పెట్టమ్మా,” అన్నారాయన.

“అంత గొప్పదాన్ని పెరట్లో పెట్టుకుంటే ఏం బావుంటుందండి మావయ్యగారూ? కావాలంటే సంఘాన్ని అడిగి చూద్దామండి. ఈలోపు ఇడ్లీ తినండి.”

ఈలోపు అనేది ఎంతకీ తెమల్లేదు. ఒక పొద్దున్న అప్పాజీగారు చేనికి పోతూ, పాలేరు బుల్లియ్య ఇంటి ముందు ఆగిపోయారు. అరుగు మీద బుల్లియ్య గిన్నె ఎత్తి తాగుతున్నాడు. నిమ్మాకు వాసన వీధిదాకా వస్తోంది.

“ఏంట్రా అది? తరవాణేనా?”

బుల్లియ్య గభాల్న లేచి నిలబడ్డాడు. “అంత మాటనకండి బాబూ. అది మీలాంటోరిదని మైకులో చెప్పారు కదండి. ఇది ఉత్త పులిసిన గంజండి. ఓ గుక్క పుచ్చుకుంటారేంటండి?”

అప్పాజీగారి నోరూరింది. చెయ్యి గిన్నెదాకా వెళ్ళింది.

“తరవాణి రత్నగారికి నమస్కారమండీ,” అంటూ గణేష్‌బాబు స్కూటరు మీద పోతున్నాడు.

గిన్నెదాకా వెళ్ళిన చెయ్యి నమస్కారమై వెనక్కొచ్చింది. “పొద్దున్నే గంజి తాగే అలవాటు మాకు లేదురా,” అని అప్పాజీగారు ఇంటికి వెళ్ళి ఇడ్లీ తిన్నారు.

ఇందులో ఆయన్ని తప్పుపట్టవలసింది ఏమీ లేదు. రాత్రి మిగిలిన అన్నానికి తాలింపు పెట్టి, చుట్టాల ముందు పులిహోర అని వడ్డించే మనకి, ఆ చెయ్యి ఎందుకు వెనక్కొచ్చిందో ఇంకొకరు చెప్పాలా?