తొంభై మిల్లీలీటర్ల మర్యాద

ఆ పొద్దున ఆకాశం చేపలు కడిగిన నీళ్లలా ఉంది. వాన కురిసేదీ కురవనిదీ తేల్చి చెప్పలేదు. మా జిల్లా ఆఫీసుకు తగిన ఆకాశమే.

అలాంటి రోజున కూడా మా ఊరికి ఒక అధికారి వచ్చింది. అందుకే బల్ల గుద్ది చెబుతున్నాను: ఈ భూమ్మీద జనాన్ని నిజంగా పట్టించుకునే ఉద్యోగులు ఒక్క రకమే, ఆటగాళ్ల మూత్రం పట్టుకెళ్లేవాళ్లు. బలానికి దొంగ మందులు వాడేవాళ్ల కోసం మంచివాళ్లను కూడా వేధిస్తున్నారని వాళ్లను తిట్టేవాళ్లున్నారు. కృతఘ్నులు!

మాది సవాయీ దీవి పడమటి కొస. రోడ్ల ఇంజినీరు మా ఊరిని మ్యాపులోనే చూశాడు. పందుల డాక్టరు ఒకసారి బయల్దేరాడట, దారిలో పెళ్లి భోజనం తగిలిందట. కానీ గ్లెనిస్ అనే ఆవిడ న్యూజిలాండు నుంచి విమానమెక్కి, పడవెక్కి, అద్దె కారెక్కి ఏడాదికి ఐదుసార్లు వస్తుంది. ఎవరికోసం? మా అక్క పెపే మనవరాలు తైమనే కోసం. ఆ పిల్ల బరువులెత్తుతుంది. రెండు నెలల్లో పెద్ద పోటీలున్నాయి.

రోజుకో గంట ఎక్కడుంటుందో తైమనే ముందే రాసివ్వాలి. ఆ గంటలో గ్లెనిస్ వచ్చినప్పుడు మనిషి దొరక్కపోతే ఒక తప్పు. ఏడాదిలో మూడు తప్పులైతే రెండేళ్లు ఇంట్లో కూర్చోవాలి. అప్పటికే రెండయ్యాయి. మొదటిసారి పిల్ల చేమదుంప తోటలో ఉంది. రెండోసారి ‘సీమపనస చెట్టు వెనక ఇల్లు’ అన్న అడ్రసు పట్టుకుని గ్లెనిస్ పదకొండు ఇళ్లు తిరిగింది. మా ఊళ్లో ప్రతి ఇల్లూ సీమపనస చెట్టు వెనకే ఉంటుంది.

ఈసారి తైమనే బుర్ర వాడింది. సాయంత్రం ఆరు నుంచి ఏడు అని రాసింది.

“ప్రార్థన వేళ ఊళ్లో ఎవరైనా ఇంట్లో ఉండాల్సిందేగా తాతా, ఇంక తప్పేదెలా?” అంది.

నిజమే. ఆ వేళ రోడ్డు మీద ఎవరూ నడవకూడదని మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

శంఖం ఊదేది నేనే. ఆరూ నలభైకి ఒకసారి, ఏడింటికి మరోసారి. ఆ మధ్యలో కోడి కూడా రోడ్డు దాటదు. మొదటి శంఖం ఊదానో లేదో, గ్లెనిస్ కారొచ్చి ఆగింది. మా అక్క ఇంటికి ముప్పై అడుగుల దూరం. ప్రార్థన వేళ రోడ్డుకు కాపలా ఉన్న ఫెటు చెయ్యి అడ్డం పెట్టాడు.

మా ఇళ్లకు గోడలుండవు. అక్కడి నుంచి ఆవిడకు తైమనే కనబడుతోంది. తైమనేకు ఆవిడ కనబడుతోంది.

“పిల్ల కనబడుతోందిగా అమ్మా, రాసేసుకో,” అన్నాడు ఫెటు.

“దగ్గరకెళ్లి పరీక్ష అని చెప్పాలి. అదీ ఏడుకల్లా.”

“ప్రార్థనయ్యాక వెళ్దువుగాని.”

“ఎప్పుడవుతుంది?”

“ఏడింటికి.”

ఆరూ యాభై దాటింది, పిల్లకు మూడో తప్పు పడేలా ఉంది. ముప్పై ఒక్కేళ్లలో నేను ఒక్క నిమిషం ముందు ఊదింది లేదు. ప్రార్థన చదువుతున్న మా అక్క ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. అదే గొంతుతో అందుకుంది: “ప్రభూ, మా తమ్ముడి గడియారం నిన్నటి నుంచి ఆరు నిమిషాలు వెనక నడుస్తోంది. ఆ సంగతి వాడికి నువ్వే తోపించు.”

తోచింది. ఊదాను. గ్లెనిస్ పరుగెత్తింది. మర్నాడు పెద్దలు నాకు రెండు పెట్టెల చేప డబ్బాలు జరిమానా వేశారు, వెయ్యనీ.

ఇప్పుడు ఆ ఉద్యోగ ధర్మం చూడండి. వారం రోజుల్లో ఏమేం మందులు వేసుకున్నావని గ్లెనిస్ అడిగింది. చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. దొడ్డి వెనక్కి తోడు వెళ్లి రెప్ప వెయ్యకుండా చూసింది. మా ఊరి విషయాన్ని ఏ అధికారి అంత దగ్గర నుంచి చూశాడు?

రాలేదు. భయానికి పిల్లకు ఒక్క చుక్క రాలేదు. ‘రేపు రా’ అందా గ్లెనిస్? లేదు, చాప మీద కూర్చుంది. గంట గడిచింది. మా అక్క చప్పుడుకైనా వస్తుందని ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్లు పోస్తూ కూర్చుంది. “కానివ్వవే తల్లీ, దేశం పరువు,” అంది. చివరికి తొంభై మిల్లీలీటర్లు నిండాయి. ఫెటు చప్పట్లు కొట్టాడు. సీసాకు మూత, మూతకు సీలు, సీలుకు నంబరు, మంచుపెట్టె! మాలో ఎవరికీ వీసా దొరకని ఆస్ట్రేలియాకు అది పరీక్ష కోసం ఒక్క సంతకంతో వెళ్తుంది.

అప్పుడు మా అక్క లోపలి నుంచి ఒక జాము సీసా తెచ్చి ఆ మంచుపెట్టె పక్కన పెట్టింది. అక్కకు చక్కెర జబ్బు. పదకొండు నెలలుగా నెలకోసారి బస్సెక్కి ఆస్పత్రికి వెళ్తోంది. పరీక్ష చేసే మనిషి రాలేదని చెప్పి పంపేస్తున్నారు.

“ఎలాగూ తీసుకెళ్తున్నావుగా అమ్మా, నాదీ పెట్టుకో.”

“అలా కుదరదు పెద్దమ్మా. మా పరీక్ష పోటీల్లో ఉన్నవాళ్లకే.”

మా అక్క తైమనే భుజాలు చూసింది, తన చేతులు చూసుకుంది.

“ఎన్ని కిలోలెత్తాలి?”

తైమనే కొబ్బరిపాలలో ఉడికిన చేమాకులూ దుంపలూ తెచ్చి పెట్టింది. అతిథి మొదట తిన్నాకే మేం తినడం మా పద్ధతి. ఆ రోజు గ్లెనిస్ చెయ్యి కదపలేదు, మేమూ కదపలేదు. మా అక్క జాము సీసాను పక్కకు జరిపి, ఒక దుంప విరిచి సగం ఆవిడ ఆకులో వేసింది. అప్పుడు అందరం తిన్నాం.