వేట కాదు, సేకరణ

ఒక పెద్ద అడవిలో చేపలు పట్టేవాళ్ళు కొందరే గానీ, చేపల గురించి దిగులుపడేవాళ్ళు మాత్రం బోలెడుమంది.

పట్టేవాళ్ళలో పోలయ్య అనే నీటికుక్క ఒకడు. అడవి నడుమ మడుగులో మునిగాడంటే వాలుగో కొరమీనో కరుచుకునే తేలేవాడు. పెళ్ళాం నూకాలు, పిల్లలు గట్టున కాచుకుని ఉండేవాళ్ళు. తలకాయ పిల్లలకి, నడిముక్క నూకాలుకి, తోక పోలయ్యకి. ఏ శాఖ జోక్యమూ లేకుండానే వాళ్ళ సంసారం నడిచిపోయేది.

దిగులుపడేవాళ్ళలో మృగరాజు మొదటివాడు. "మన మత్స్యసంపద ఏమైపోతుందో!" అని ఓ పూట నిట్టూర్చి, మత్స్యశాఖ ఒకటి పెట్టి, మార్జాలరావు అనే పిల్లిని దానికి అధికారిగా వేశాడు. చేపలంటే అంత ప్రాణం పెట్టే జీవి అడవిలో మరొకటి లేదని అందరూ ఒప్పుకున్నారు. ఒక్కటే లోపం. ఆయనకి నీళ్ళంటే భయం. నాలుగు చినుకులు పడితే సెలవు పెట్టేసేవాడు.

తొలకరి పడబోతుండగా మార్జాలరావు ఎత్తైన రాయి చూసుకుని ఎక్కి సభ పెట్టాడు.

"ఇది చేపలు గుడ్లు పెట్టే కాలం. వానలు వెళ్ళేదాకా ఎవరూ మడుగులో వేటకి దిగకూడదు."

మాట సబబుగానే ఉంది. పోలయ్య కూడా తలూపాడు. ఊపాక ఆకలి గుర్తొచ్చింది.

"మరి అందాకా మా పిల్లలు ఏం తింటారండీ?"

"పిచ్చివాడా, ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుందా? వేట మానిన ప్రతి ఒక్కరికీ రోజూ పరిహారం ఇస్తాం."

"ఏమిస్తారండీ?"

"చేపలు."

కొమ్మ మీద లకుముకి పిట్ట కిసుక్కున నవ్వింది. "ఎక్కణ్ణించి తెస్తారు దొరా?"

"అది విధానపరమైన విషయం. నీ స్థాయిది కాదు."

మర్నాడు పరిహారం కోసం నిలబడ్డ వరస మడుగుని చుట్టేసింది. అందరికంటే ముందు ఏనుగు. "నీళ్ళు తాగేటప్పుడు తొండంలోకి ఒకటీ అరా చేప వస్తూనే ఉంటుంది. ఆ లెక్కన నేనూ జాలరినే" అంది. ఏనుగుని కాదనే ఓపిక ఎవరికీ లేదు. దాని వెనక కుందేలు.

"నువ్వెప్పుడు చేపలు పట్టావమ్మా?" అన్నాడు మార్జాలరావు.

"ఎప్పుడూ పట్టలేదండీ. పుట్టిన దగ్గర్నుంచీ పట్టలేదు. నాకంటే బుద్ధిగా నిషేధం పాటించినవాళ్ళు ఎవరున్నారో మీరే చెప్పండి!"

మార్జాలరావు కళ్ళు చెమర్చాయి. కుందేలుకి రెండు వాటాలు రాయించాడు. గడ్డి తినే కుందేలుకి చేపలెందుకని ఎవరూ అడగలేదు. ఇస్తున్నచోట అడగడం మర్యాద కాదు. ఆ చేపలు సాయంత్రానికి నక్క ఇంటికి చేరేవి.

ఇంతమందికి చేపలెక్కడివి? మార్జాలరావు మెల్లిగా పోలయ్య బొరియ దగ్గరికొచ్చాడు.

"రేపట్నుంచి నువ్వు మడుగులో దిగాలి."

"నిషేధం కదండీ?"

"నిషేధం వేట మీద. ఇది సేకరణ."

పోలయ్య పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా మునిగి, కుప్పలుగా గట్టుకి చేర్చాడు. ప్రతి కుప్పలోంచి పెద్దది తీసి, నాణ్యత పరీక్ష కింద మార్జాలరావు తినేవాడు. మిగిలినవి వరసలోకి వెళ్ళేవి. అలసటతో వరస చివర నిలబడ్డ పోలయ్యకి, తను పట్టిన చేపలోనే తోక దక్కేది. పుచ్చుకుని, ప్రభుత్వానికి దండం పెట్టాలి. ఓసారి ఆకలికి తట్టుకోలేక నీళ్ళలోనే ఓ బొమ్మిడాయిని మింగాడు. "పరిహారం తీసుకుంటూ దొంగవేటా!" అని ఆ పూట తోక కూడా ఆపేశారు.

ఒక సాయంత్రం నూకాలు పోలయ్య గట్టుకి చేర్చిన వాలుగని చూసి మొహం తిప్పుకుంది.

"కడుపు నిండా జన, అన్నీ గుడ్లే. చూళ్ళేదా నువ్వు?"

"చూశాను."

"మన మానాన మనం తిన్నప్పుడు కూడా ఈ కాలంలో ఇట్టాంటిదాన్ని వదిలేసేవాడివే కదయ్యా!"

"నేను మానేస్తే ఈ పని మొసలికి అప్పజెబుతాడంట" అన్నాడు పోలయ్య. ఆ మాట తనకే రుచించలేదు. మర్నాడు ధైర్యం చేసి, గుడ్లతో ఉన్నవాటిని ఇక పట్టనని చెప్పాడు. మార్జాలరావు మీసాలు నాక్కుంటూ, "పథకం ఆగితే ఏనుగుకి నువ్వు జవాబు చెబుతావా?" అన్నాడు. పోలయ్య ఏనుగు కాళ్ళకేసి ఓసారి చూసి, నీళ్ళలోకి దిగాడు.

వానలు వెళ్ళాయి. నిషేధం ఎత్తేసే పండక్కి మృగరాజు పొరుగడవి పులిని వెంటబెట్టుకొచ్చాడు, చేపల పులుసు తినిపిస్తానని. తొలి చేప పట్టే గౌరవం పోలయ్యది. మునిగాడు. చాలాసేపటికి తేలాడు, నోట్లో నత్తగుల్ల. మళ్ళీ మునిగాడు. ఈసారి ఓ కప్ప. అది కూడా తిడుతూ వచ్చింది.

పులి పళ్ళు కుట్టుకుంటూ ఆకాశంలోకి చూసింది. మృగరాజుకి పరువు పోయినంత పనైంది.

"చేపల సంగతి నీకంతా తెలుసు కదా, నువ్వే దిగి తే!" అని పంజాతో ఒక్కటిచ్చాడు. మార్జాలరావు దబ్బున మడుగు నడుమ పడ్డాడు. "శాఖ మునిగిపోతోంది! రక్షించండి!" అని కేకలు.

ఎవరూ కదల్లేదు. ఎందుకు దూకాడో పోలయ్యకే తెలీదు. మెడ కరుచుకుని గట్టున పడేశాడు.

"పోన్లే పోలయ్యా, ఈ రోజుకి మడుగులో కాస్త బరువైంది దొరికింది" అంది లకుముకి.

"ఇప్పుడేమంటావ్?" అని గర్జించాడు మృగరాజు.

మార్జాలరావు నీళ్ళు కక్కి, బొచ్చు దులుపుకుని, చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, చేపలున్నప్పుడు మత్స్యశాఖతో పనేముంది? అసలు పని ఇప్పుడే మొదలు."

మృగరాజు ఆలోచించాడు. ఏమీ తోచలేదు గానీ, పులి ముందు తోచనట్టు కనపడకూడదు. తలూపాడు. మార్జాలరావు కింద మరో పది పిల్లుల్ని వేశారు. ఒక్కదానికీ ఈత రాదు.

ఆ సాయంత్రమే పోలయ్య పెళ్ళాం పిల్లల్తో కొండ దాటి, ఎవరూ దిగులుపడని ఓ చిన్న వాగు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నీతి: చేపను పట్టినవాడికి ఒక పూట గడుస్తుంది, చేపల్ని కాపాడినవాడికి ఏడు తరాలు గడుస్తాయి.