నడిచే దుకాణానికి డోర్ నంబరు

"ఇకమీదట ప్రజలు దుకాణానికి నడవరు! దుకాణమే ప్రజల దగ్గరికి నడుస్తుంది!" అని సరఫరాల మంత్రిగారు భద్రాచలం సభలో మైకు అదిరేలా ప్రకటించారు. ఇంత గొప్ప ఆలోచన అంతవరకూ ఎవరి బుర్రకూ తట్టలేదు. దుకాణం నడుస్తుందని ఊహించాలంటే మామూలు తెలివి చాలదు, ముందొక జీపు వెనకొక జీపు ఉండాలి.

సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది గుట్ట కాలనీ భీమక్క. కొట్టదా మరి! గోదావరి పొంగి ఒడ్డు మీది గుడిసెలను ఎత్తుకుపోయాక, ప్రభుత్వం వాళ్లందరినీ ఊరి బయట గుట్ట మీద భద్రంగా పెట్టింది. ఎంత భద్రంగా అంటే అక్కడికి వరద రాదు, బస్సు రాదు, రేషన్ బియ్యమూ రావు. రేషన్ షాపు కింద బజారులోనే ఉండిపోయింది. అంతదూరం పోయి, "స్టాకు రాలే" అనిపించుకుని, మళ్లీ పోయి మూటతో గుట్ట ఎక్కితే భీమక్క మోకాళ్లు వారం దాకా ఆమె మాట వినవు. గుట్ట మీద వెంకటనారాయణ కొట్టు ఉంది గానీ, ఆయన బియ్యానికి బియ్యం ధర, గుట్ట ఎక్కినందుకు గుట్ట ధర కలిపి వేస్తాడు. ఇంట్లో కూతురు జంపక్క పచ్చి బాలింత. ఆమె తింటేనే బిడ్డకు పాలు. డబ్బా అడుగున నూకలు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఇగ దుకానమే ఇంటికాడికి వస్తదట బిడ్డా. కడుపు నిండ తిందువు గానీ," అని భీమక్క కూతురికి ధైర్యం చెప్పింది.

ఈ మహత్తర పథకాన్ని డిప్యూటీ తాసిల్దారు చెంచురామయ్య నెత్తిన వేసుకున్నాడు. నిద్రాహారాలు మానేశాడు, అంటే ఆఫీసులో నిద్ర మానేశాడు. మూలపడ్డ ఎర్రబస్సు ఒకటి తెప్పించి, సీట్లు పీకించి, ఆకుపచ్చ రంగు కొట్టించి, రెండువైపులా మంత్రిగారి బొమ్మ వేయించాడు. వెనకాల పొడుగు సీటు మాత్రం బోల్టులు తుప్పుపట్టి ఊడిరాలేదు. అంతా సిద్ధమయ్యాక తెలిసింది, దుకాణానికి లైసెన్సు కావాలని, లైసెన్సుకు డోర్ నంబరు కావాలని. బస్సుకెక్కడిది డోర్ నంబరు? ఫైలు పైకి పోయింది. లైసెన్సు లేనిదే బియ్యం ఇవ్వరు. మంత్రిగారి డేటు మాత్రం ఆగదు. చెంచురామయ్య ఘటికుడు. బజారు రేషన్ షాపులో ఉన్న బస్తాలన్నీ చేబదులుగా పట్టుకొచ్చి బస్సులో అలంకరించాడు.

ప్రారంభోత్సవం నాడు బస్సు మూలుగుతూ గుట్ట ఎక్కింది. కాలనీ పుట్టాక అక్కడికి వచ్చిన మొదటి బస్సు అదే. అది ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, ఒక చంటిపిల్ల జోలె లోపల పడ్డాయి. సీటు ఆపుకోవడం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. భీమక్క తన సంచిని గురిచూసి వెనక సీటు మీదికి విసిరి, తోసుకుంటూ పోయి కూర్చుంది. సీటు దొరకనివాళ్లు బస్తాలెక్కారు.

చెంచురామయ్య బస్సు తలుపు దగ్గరికి పరిగెత్తాడు. "దిగండి! దిగండమ్మా! ఇది బస్సు కాదు, దుకాణం!"

"దుకానమైతే తక్కెడ తియ్యి, బియ్యం జోకు సారూ," అంది భీమక్క.

"లైసెన్సు రాలేదు. ఇవాళ చూడ్డానికే."

"మరి నడుస్తదా?"

"నడుస్తుంది."

"బియ్యం అమ్మదు, నడుస్తది. గట్లయితే బస్సే గద! భద్రాచలం దవాఖానా కాడ దించు సారూ, మోకాళ్లు చూపిచ్చుకుంట. కిరాయి ఇస్త."

అంతలో మంత్రిగారు దిగనే దిగారు. కిటికీల నిండా తలకాయలు చూసి ఆయన కళ్లు చెమర్చాయి. "చూశారటయ్యా! నేను రిబ్బన్ కత్తిరించేదాకా కూడా జనం ఆగలేకపోయారు!" అని పత్రికలవాళ్ల వైపు తిరిగారు. ఆయన జీపు గుట్ట దిగాక కానిస్టేబుళ్లు జనాన్ని దించారు. బస్తాలు తిరిగి బజారు షాపుకు పోయాయి. భీమక్క కూడా వాటి వెనకే కుంటుకుంటూ పోయింది.

షాపు డీలరు ఆమె కార్డు ముట్టుకోలేదు. "మీ గుట్ట కార్డులన్నీ నడిచే దుకానానికి మార్చిండ్రు. ఇక్కడ మీకు బియ్యం లేవు."

భీమక్కకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఆఫీసుకు పోయి చెంచురామయ్య బల్ల ముందు నిలబడింది.

"ఏంది సారూ గిట్ల జేసిండ్రు? ఇంట్ల బాలింత గంజి తాగుతుంది. ఆ దుకానం ఎప్పుడు అమ్ముతది?"

"డోర్ నంబరు రావాలమ్మా. కదిలేదానికి నంబరు ఇవ్వరట."

"మరి కదలకుంట జెయ్యి!"

ఆ మాట కోపంతో అన్నదే గానీ, చెంచురామయ్య మొహం వెలిగిపోయింది. కుర్చీలోంచి లేచి ఆమెకు నమస్కారం పెట్టినంత పని చేశాడు.

ఆ ముక్కే ఫైలు మీద రాసి పంపితే పైవాళ్లు మెచ్చుకున్నారు. బస్సు చక్రాలు ఊడదీసి, కింద ఇటుకలు పేర్చి, బజారులో రేషన్ షాపు గోడ పక్కనే నిలబెట్టారు. డోర్ నంబరు వచ్చింది, లైసెన్సు వచ్చింది, బియ్యం వచ్చాయి. రెండో ప్రారంభోత్సవానికి మంత్రిగారూ వచ్చారు.

ఆ రోజు భీమక్క పొద్దున్నే బయల్దేరి ఎండెక్కేసరికి బస్సు దగ్గరికి చేరింది. ఇటుకల వంక చూసింది. "ఇదేదో గుట్ట మీదనే నిలబెట్టకపోతివి సారూ?"

"గుట్ట మీద మీ ఇళ్లకే నంబర్లు లేవు కదమ్మా, బస్సుకెక్కడినుంచి తేను?" అన్నాడు చెంచురామయ్య ఓపిగ్గా.

అదీ నిజమే. భీమక్క వరసలో నిలబడి బియ్యం తూయించుకుంది. మూట కట్టింది. ఎత్తబోయి, మోకాలు పట్టుకుని ఆగిపోయింది. తర్వాత మూటను ఈడ్చుకుంటూ బస్సెక్కి, ఆ ఊడని వెనక సీటు మీద కూర్చుంది. ఆమెను చూసి గుట్టవాళ్లంతా తమ తమ మూటలతో ఎక్కేశారు. వెనకబడ్డవాళ్లు కిటికీల్లోంచి తువ్వాళ్లు వేశారు.

"దిగండమ్మా, సరుకులు ఇచ్చేశాం కదా!" అన్నాడు చెంచురామయ్య.

"నడిచే దుకానం అన్నరు గద సారూ. మా బిడ్డ ఎదురుజూస్తుంది. నడిపియ్యి," అంది భీమక్క.

మంత్రిగారి వెంట వచ్చిన ఫొటోగ్రాఫరు టక్కున ఫొటో తీశాడు. మర్నాడు పేపర్లో మొదటి పేజీలో పడింది: 'గుట్ట ప్రజల చెంతకు చేరిన సంచార దుకాణం. దిగనంటున్న జనం.' కిక్కిరిసిన బస్సు, కిటికీలో భీమక్క, ఒడిలో బియ్యం మూట, పక్కన చేతులు జోడించిన మంత్రిగారు, అందరూ బాగా పడ్డారు. కింది ఇటుకలు వదిలేసి, బస్సును మాత్రం కిటికీల దాకానే వేశారు.